తోకకప్ప కాళ్లు

బడిలో పిల్లలు ఆవిడకు పెట్టుకున్న పేరు కప్పల టీచర్. సైన్సు చెప్పిన ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిడ బల్ల మీద గాజుతొట్టి, అందులో తోకకప్పలు లేని ఏడాది లేదు మరి. ఆఖరి గంట కొట్టాక అందరూ ఇళ్లకు పరిగెడితే, ఆవిడ మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తొట్టి ముందు కూర్చునేది. సాయంత్రపు ఎండ నీళ్లలో పడి పైకప్పు మీద అల్లల్లాడేది. గదంతా మెల్లగా నీటి అడుక్కి దిగిపోతున్నట్టు ఉండేది. ఆ మైకంలోనే పిల్లల కోసం పదకొండు బొమ్మల పుస్తకాలు రాసింది. బొమ్మలన్నీ చెల్లెలివే.

పన్నెండోది తోకకప్ప కథ. ఈలోగా చెల్లెలికి చేతులు వణకడం మొదలైంది. ఒక్కో బొమ్మతో రోజుల తరబడి కుస్తీపట్టి, ఏడాదికి పూర్తిచేసి, "ఇంక నావల్ల కాదక్కా. ఇదే ఆఖరు" అంటూ కట్ట చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి బొమ్మలు తిరగేస్తుంటే, ఏడో పేజీ దగ్గర కప్పల టీచర్ ఆగిపోయింది. తోకకప్పకు ముందరి కాళ్లు మొదట మొలిచాయి! వెనక కాళ్లే మొదట వస్తాయని నోరు నొప్పెట్టేలా ఎందరికి చెప్పిందో, తప్పు రాసిన ఎందరి చెవులు మెలిపెట్టిందో. చెల్లెలి మీద కోపం తన్నుకొచ్చింది. తను రాసిచ్చిన కాగితాలు తీసి చూసింది.

"చిట్టి చేతులు రెండు మొలిచాయి, చెరువు నీటిని తట్టి పిలిచాయి."

రాసింది తనే. పాట కుదిరిందని మురిసిపోయి, కళ్లెదుట ఉన్న తొట్టినే మరిచిపోయింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. అలాగే అచ్చు వేయిస్తే పిల్లలకు అబద్ధం నేర్పినట్టు. మళ్లీ వెయ్యమంటే ఆ చేతులు వెయ్యలేవు. మూడు రోజులు తిండి సయించలేదు.

నాలుగో రోజు, ఆఖరి ఖాళీ పేజీలో ఎర్రపెన్నుతో రాసింది: "పిల్లలూ, ఈ పుస్తకంలో టీచర్ ఒక తప్పు చేసింది. బొమ్మలు వేసినావిడ తప్పేమీ లేదు. నిజం తోకకప్పల్ని చూసి, అదేమిటో పట్టుకోండి."

చెల్లెలు చదివి నవ్వింది. "ఏడో పేజీయేగా?"

"నీకు తెలుసా!"

"చిన్నప్పుడు సీసాలో పెట్టి చూపించింది నువ్వేగా."

"మరి చెప్పలేదేమే?"

"నువ్వు రాశావు కదక్కా. నేను చూసిందే తప్పేమో అనుకున్నాను."

కప్పల టీచర్‌కు తన తరగతి గది గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో తన ముందు కూర్చుని ఇంకెందరు ఇలాగే అనుకున్నారో! పెన్ను మూత మళ్లీ తీసి, కింద ఇంకో మాట చేర్చింది.

"టీచర్ చెప్పినా సరే, ముందు మీ కళ్లను నమ్మండి."