అక్క తాగిన పసుపు పాలు

ఆ రోజు అక్క చికిత్స ఆగిపోవడానికి కారణం నా నోరేనని మా చుట్టాలందరూ చెప్తారు. నేను డాక్టరుతో జగడం పెట్టుకున్నానట, ఆయనకు కోపం వచ్చి ‘ఇవాళ చెయ్యను పో’ అన్నాడట. ఏ ఇంట్లో పెళ్లి జరిగినా ఈ కథ భోజనాలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నడుస్తుంది. నాకు నోరున్న మాట నిజమే. నిజామాబాద్‌లో ఇరవై ఏళ్లుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. ఒక్క జాకెట్టు గుడ్డ కోసం అల్మారా అంతా దింపించి, ‘రేపొస్త’ అని లేచిపోయే వాళ్లతో వేగాలంటే నోరు ఉండాలి. కానీ ఆ రోజు నా జగడం డాక్టరుతో కాదు, బావతో. చికిత్స ఆగింది జగడం వల్ల కూడా కాదు, ఒక గ్లాసు పసుపు పాల వల్ల.

అక్కను వర్ని పక్క పల్లెకు ఇచ్చారు. వరీ పసుపూ వేసే ఇల్లు. పోయినేడాది పసుపు ఉడకబెట్టే రోజుల్లో అక్క కళ్లం నుంచి ఇంటికి దారి తప్పింది. ముప్పై ఏళ్లు నడిచిన దారి! ముందు ఇక్కడ స్కాన్, తర్వాత హైదరాబాద్‌లో స్కాన్. తలకు చిన్న రంధ్రం చేసి ముక్క తీసి పరీక్షించారు. మెదడులో లింఫోమా అన్నారు. అదొక రకం క్యాన్సర్.

దానికి మందు ఉంది. కానీ మామూలుగా ఎక్కిస్తే మెదడులోకి సరిగా చేరదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఒక గోడలాంటిది ఉంటుంది. రక్తంలో తిరిగే అడ్డమైనదీ లోపలికి దూరకుండా కాపాడేది అదే, మందుకు అడ్డుపడేదీ అదే. దాన్ని కాసేపు తెరిచి మందు పంపుతాం, తర్వాత అదే మూసుకుంటుంది అన్నాడు డాక్టరు. మత్తు ఇచ్చి, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని మెడ దాకా పంపి, మానిటాల్ అనే ద్రావణం వదులుతారు. కోసిన మామిడి ముక్కలు ఉప్పు పడితే నీరు వదిలి ముడుచుకున్నట్టు, మెదడు రక్తనాళాల గోడల్లోని కణాలు ముడుచుకుంటాయి. వాటి మధ్య సందులు పడతాయి. ఆ సందుల్లోంచి మందు పోతుంది. ఇలా నెలకోసారి.

మానిటాల్ చక్కెరకు చుట్టమని నేను అక్కకు చెప్పాను. బోధన్ దగ్గరి చెరుకు ఊళ్లో పుట్టినవాళ్లం మేమిద్దరం. అక్క అంత నీరసంలోనూ నవ్వింది. “అయితే పుట్టింటోళ్లే వస్తుండ్రన్నట్టు.”

కెమిస్ట్రీతో డిగ్రీ చేసినదాన్ని కాబట్టి బావకు అర్థం చేయించే పని నా మీద పడింది.

“బావా, నిజాంసాగర్ కాలువ తూము అనుకో. మూసి ఉంటది. నీళ్లు వదిలే లష్కర్ వచ్చి జరసేపు ఎత్తుతడు, నీళ్లు పొలానికి పారుతయ్. మళ్ల దించుతడు. గంతే.”

బావ ముఖం వెలిగింది. “గిట్ల చెప్పాలె మరదలా! డాక్టర్ సాబ్ గంటసేపు చెప్పినా నా మట్టిబుర్రకు ఎక్కలే.”

నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వమే కొంప ముంచింది.

హైదరాబాద్ ఆసుపత్రిలో మొదటి చికిత్స మర్నాడు పొద్దున ఎనిమిదింటికి. ఏమీ తినొద్దు, తాగొద్దు అని నర్సు మూడుసార్లు చెప్పింది. తెల్లవారాక అక్కకు ముఖం కడిగించి, బావను కూర్చోబెట్టి, నేను టీ తాగడానికి కిందికి దిగాను. తిరిగొచ్చేసరికి మంచం పక్కన స్టీలు గ్లాసు, దాని అడుగున పసుపు మడ్డి.

“ఇదేంది బావా?”

“పసుపు పాలు. మన చేన్ల పసుపే, డబ్బల తెచ్చిన.”

“తాగిచ్చినవా?”

“తాగింది. ఏమైతది? ఇయ్యాల తూము ఎత్తుతరని నువ్వే చెప్తివి గద. తూము ఎత్తిననాడు పక్క మడి గూడ తడుపుకోమా? వాళ్ల మందు పోంగ, మన మందు గూడ జర పోతది.”

నిజం చెప్పాలంటే ఆ వాదనలో తప్పేమిటో నాకు వెంటనే తట్టలేదు. తట్టకపోయినా నోరు ఆగలేదు.

“ముప్పై ఏండ్ల సంసారంల అక్కకు ఒక్కనాడన్న గ్లాసెడు నీళ్లు ఇచ్చినవా? సేవ చేస్తందుకు ఇయ్యాలనే దొరికిందా నీకు?”

“ఇయ్యలేదు. గందుకే ఇచ్చిన” అన్నాడు బావ, తల వంచుకుని.

నా గొంతు వరండా అంతా వినపడింది. చుట్టాల కథ అక్కడే పుట్టింది. మత్తు డాక్టరు వచ్చి గ్లాసు చూశాడు. కడుపులో పాలుండగా మత్తిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణానికే ముప్పు, రేపు చేద్దాం అన్నాడు. ‘రెండు గుటకలే కద సార్’ అని ఆయనతోనూ వాదించాను, ఒప్పుకుంటాను. ఆయన కోప్పడలేదు. ‘మేం చెప్పని మందు ఏదీ ఇవ్వకండి, గోడ తెరిచే రోజు అసలే వద్దు’ అని బావ భుజం తట్టి వెళ్లాడు. బావ ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, రోజంతా అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

మర్నాడు చికిత్స జరిగింది. తర్వాత నెలనెలా జరిగింది. చివరి స్కాన్‌లో మచ్చ కనిపించలేదు. ఇప్పుడు కొన్ని మాటలు అక్కకు ఆలస్యంగా అందుతాయి, కానీ అందుతాయి. ఆదివారం షాపు మూసి వర్ని బస్సెక్కుతాను. ఈసారి పసుపు పనికి అక్కే కళ్లంలో నిలబడి కూలీల మీద అరుస్తుంటే, అంత కమ్మటి అరుపు నేనెప్పుడూ వినలేదు. బావ ఇప్పుడు పొద్దున్నే టీ కాచి ఇస్తున్నాడు. నీళ్లలా ఉంటుంది. అక్క దాన్నే అడుగుదాకా తాగుతుంది.

ఒక్కటి మాత్రం నాకు తేలదు. ఆ పొద్దున నేను పుక్కిలించమని నీళ్లిస్తే అక్క చుక్క మిగలకుండా ఉమ్మేసింది. “మింగొద్దన్నరు గద చెల్లె” అని నాకే గుర్తు చేసింది. అంత తెలివిగా ఉన్న మనిషి, శివరాత్రికి గొంతు తడుపుకోని మనిషి, అరగంటలో గ్లాసెడు పాలెట్లా తాగింది? మొన్న కళ్లంలో అడిగాను. పసుపు కొమ్ములు ఆరబోస్తూ, “పాలు మంచిగుండె” అంది, తలెత్తకుండా.

అక్కా, జవాబు అది కాదు. భయమై ఆ ఒక్క దినం చికిత్స ఆపుకున్నవా, లేకుంటే బావ చెయ్యి చాపి ఇచ్చిండని కాదనలేక తాగినవా?