ఖర్జూరం ఎర

నాలుగు బోన్ల ధరకు ఎనిమిది బోన్లు కొన్న మొనగాణ్ణి నేను. కోరుట్లలో మా నాయన కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి. ఖతార్ వచ్చాక, అల్ దోహా అల్ జదీదా బజారులో నన్ను చూడగానే కొట్లవాళ్ళు కాల్‌క్యులేటర్ దాచుకునేవారు. ఈ ఘనత నిన్న మళ్ళీ గుర్తొచ్చింది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని నా గదిలో ఖర్జూరం పెట్టె విప్పితే, అడుగున మెత్తబడి పులిసిన వాసన గుప్పుమంది. ఆ వాసన వెనకాలే వెంకట్రావు గారు వస్తారు.

ఆయన తెనాలి వైపు మనిషి, వ్యవసాయం చదివినవారు. దోహాకు ఉత్తరాన ఒక తోటకు మేనేజరు. అక్కడ సరుకులు కొనే పని నాది. ఎండలింకా ముదరని రోజుల్లో ఒక నక్క కోళ్ళ షెడ్డు మరిగింది. మేమంతా అర్బాబ్ అని పిలిచే యజమాని వచ్చి, చెల్లాచెదురైన ఈకలు చూసి, శుక్రవారం దాకా ఆగుతానని, ఆ తర్వాత మాంసంలో విషం పెట్టించి ఖలాస్ చేస్తానని చెప్పి వెళ్ళాడు. వెంకట్రావు గారి మొహం వాడిపోయింది. తోట నిండా పిల్లులు. సాయంత్రం ఆయన వంటగది మెట్ల మీద టీ తాగుతుంటే చుట్టూ చేరేవి. ఒక్కదాన్నీ ముట్టుకునేవారు కాదు గానీ, ఒకటి తక్కువైతే టీ చల్లారిపోయేది.

"విషానికి మొహాలు గుర్తుండవయ్యా. నక్కని బతికుండగానే పట్టి దూరంగా పంపించేద్దాం. గట్టి బోన్లు నాలుగు తీసుకురా," అన్నారు.

"నాలుగింటి పైసలకు ఎనిమిది తెచ్చిన సార్!" అన్నాను మర్నాడు, పతకం కోసం మెడ వంచినట్టు నిలబడి.

ఆయన ఒక బోను తలుపు ఎత్తి వదిలారు. సగంలో ఇరుక్కుంది. ఇంకోటి వదిలారు. అదీ అంతే.

"నూనె పెడితె నడుస్తయి సార్."

"అయితే పెట్టు."

ఎర కూడా నా తెలివే: డబ్బా సార్డిన్ చేపలు. తెల్లారేసరికి తలుపు పడిన ప్రతి బోనులోనూ పిల్లే. ఒంటిచెవి పసుపుపచ్చ గండుపిల్లి ఒకటి వదిలిపెట్టిన మర్నాడు మళ్ళీ వచ్చి, పాత ఖాతాదారులా దర్జాగా కూర్చుంది. దానికి శేఠ్ అని పేరు పెట్టాను.

"బేరం బాగానే చేశావు. నక్క ఏదయ్యా?"

"పిల్లులైతె చౌకగ పడ్డయి సార్."

ఆయన నవ్వారు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే కడసారి.

అప్పటికే శుక్రవారం దగ్గర పడింది. నా తెలివి పక్కన పెట్టి ఆయనే కూర్చున్నారు. నక్కా పిల్లీ ఇక్కడ దాదాపు ఒకే బరువు, బోనుకు తేడా తెలియదు. "నాలుకకి తెలుస్తుందయ్యా. పిల్లికి తీపి రుచి తెలీదు, నక్కకి తెలుసు," అని మెత్తబడిన ఖర్జూరాలు ఎర పెట్టించారు. నక్క ఇనుప తీగ మీద కాలు పెట్టదని బోను అడుగున మట్టి పరిచారు, పైన ఈతమట్టలు కప్పారు. పిల్లులకు వంటగది దగ్గరే చేపలు వేసి కడుపు నింపారు. గురువారం తెల్లవారుజామున, ఎండ తగలకముందే చూడాలని, బోన్ల మీద కప్పడానికి గోనెసంచులు పట్టుకుని బయల్దేరాం. ఒక బోనులో నక్క పడి ఉంది.

నేను గంతేశాను. ఆయన వంగి చూశారు. ఆడనక్క. పొదుగు పాలతో నిండి ఉంది.

"పిల్లలున్నాయి. దీన్ని పంపేస్తే అవి బొరియలోనే ఎండిపోతాయి."

"రేపే శుక్రారం సార్."

"తెలుసయ్యా."

తలుపెత్తి వదిలేశారు. అది పోయిన దిక్కునే మధ్యాహ్నం దాకా నడిచాం. బొరియ దొరకలేదు. ఆయన అర్బాబ్‌కు ఫోన్ చేసి ఇంకో రెండు రోజులు అడిగారు. చెప్పినన్ని రోజులూ ఆగాను కదా అన్నాడట. అబద్ధమేం కాదు. వాటిలో ఎక్కువ భాగం నా సార్డిన్లు తినేశాయి.

ఆ సాయంత్రం అవే ఎనిమిది బోన్లలో అవే చేపలు పెట్టాం. ఈసారి పిల్లుల కోసమే. శుక్రవారం తెల్లారకముందే పెట్టే విషం పని అయ్యేదాకా వాటిని లోపల దాచాలని. కొన్ని తలుపులు పడ్డాయి. శేఠ్ వెళ్ళిన బోను తలుపు సగంలో ఇరుక్కుంది. వాడు తీరిగ్గా చేప తిని, మూతి తుడుచుకుని, తలుపు కింద నుంచి బయటికి నడిచాడు. వెంకట్రావు గారు వాడి వెనక పరుగెత్తడం చూశాను. ఆ వయసులో ఆయన పరుగెత్తగలరని నాకు తెలియదు.

శుక్రవారం పొద్దున పంపు షెడ్డు పక్కన శేఠ్, గోడ అవతల ఆడనక్క. ఆ తర్వాత కోళ్ళు పోలేదు. బొరియ ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు.

ఇద్దరం గొయ్యి తవ్వాం. పూడ్చాక ఆయన నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు మాత్రం ఏం చేస్తావు, నూనె పెట్టావుగా," అన్నారు.

"పెట్టిన సార్," అన్నాను.

కాంట్రాక్టు అయిపోగానే ఆయన వెళ్ళిపోయారు. పోయిన ఏడాది కాలం చేశారని కబురొచ్చింది. ఇప్పుడు నేను గొళ్ళెం కొన్నా, గేటు కొన్నా కొట్లో నిలబడి ఎత్తి వదులుతాను, ఎత్తి వదులుతాను. "యల్లా, తీసుకుంటావా లేదా?" అని కొట్టువాడు విసుక్కుంటాడు. ధర సంగతి ఆ తర్వాతే ఎత్తుతాను.

ఇక లెక్క. తోటకు మిగిల్చింది నాలుగు బోన్ల ధర. పోయినవి శేఠ్, ఒక తల్లి, మేము చూడని పిల్లలు. మిగిలినదాంట్లో ఒక నూనె డబ్బా కూడా ఉంది. ఆ రోజు కొన్నదే, ఇంకా నా దగ్గరే ఉంది. దాని మూత నేను తీయనే లేదు.