మా అన్న నియమావళి

మా అన్న భీమసేనరావు జన్మలో ఒక్క పుస్తకమే రాశాడు. దాని పేరు 'విద్యార్థులు పాటించవలసిన నియమావళి'. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే దేవేంద్రప్పకు పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఉన్నట్టుండి చదువు మీద ప్రేమ పుట్టింది. తన గోదాము మీది గదిలో ఒక తపాలా కళాశాల పెట్టాడు. మధ్యలో చదువు మానేసినవాళ్ళు ఏడాదిపాటు ఇంట్లోనే కూర్చుని తెలుగు వ్యాసాలు రాసి పోస్టులో పంపాలి, కళాశాలవారు దిద్ది తిప్పి పంపాలి, చివర్లో ఒక ఉత్తీర్ణతా పత్రం ఇవ్వాలి. హైస్కూల్లో తెలుగు పండితుడైన మా అన్నను దిద్దడానికి పెట్టుకున్నాడు. మా అన్న దిద్దడం పక్కన పెట్టి ముందు నియమాలు రాయడానికి కూర్చున్నాడు.

వ్యాసాన్ని ఎవరూ చేతికి తెచ్చి ఇవ్వరాదు, పోస్టులోనే రావాలి. కౌతాళం నుంచి ఒకాయన వ్యాసంతో పాటు అరబస్తా బియ్యం తెచ్చి మా గడపలో దించిన మరునాడు పుట్టిన నియమం ఇది. వ్యాసం గురించి దిద్దేవాడితో నోటిమాటగా మాట్లాడరాదు, సందేహం ఉంటే కార్డు రాయాలి. బజారులో ఎదురుపడితే నమస్కారం వరకు పరవాలేదు. గైడు చూసి రాయరాదు, సొంత మాటల్లోనే రాయాలి. గడువుకు పోస్టాఫీసు ముద్రే ప్రమాణం. ఇంట్లో ఎవరైనా పోయారని గడువు పొడిగించమంటే పొడిగిస్తారు గాని, అదే మనిషిని రెండోసారి చంపరాదు. ఇవన్నీ రాత్రి భోజనాలయ్యాక మాకు చదివి వినిపించేవాడు. నేను మునిసిపల్ బడిలో టీచరును, పెళ్ళి చేసుకోలేదు, ఆ ఇంట్లోనే ఉండేదాన్ని కాబట్టి తప్పించుకునే దారి లేదు.

మా వదిన సరస్వతీబాయి మాత్రం చాలా శ్రద్ధగా వినేది. ఎందుకు వింటోందో తర్వాత తెలిసింది. ఎమ్మిగనూరులో ఎవరో కొత్తగా ఆడపిల్లల బడి పెడుతున్నారు. ఈ పత్రం జూన్ లోపల తెచ్చుకుంటే వదినను తెలుగు టీచరుగా తీసుకుంటామన్నారు. ఎస్సెల్సీ అయిన వేసవిలోనే పెళ్ళయి వంటింట్లోకి వచ్చిన మనిషి ఆమె.

"రమా, నేను ఈ పొయ్యికి తప్ప ఇంకో పనికి పనికొస్తానో లేదో నాకే తెల్దు. ఒకసారి చూసుకోవాలని ఉంది" అంది నాతో.

దరఖాస్తు పోస్టులో పంపింది. అది అందిన రోజు మా అన్న దాన్ని మిగతా దరఖాస్తుల్లో పెట్టి అన్నానికి వచ్చాడు. మూడో రోజు వదినకు ఉత్తరం వచ్చింది: 'మీ దరఖాస్తు అంగీకరించబడినది. మీ సంఖ్య నలభై ఒకటి.'

అక్కడ మొదలైంది మా ఇంట్లో తమాషా. మా అన్న దిద్దే ఆఫీసు మా ముందు గదే. వదిన వంటింట్లో వ్యాసం రాసి, కవరు అంటించి, వీధి చివర డబ్బాలో వేసి వచ్చేది. ఆ కవరు ఊరంతా తిరిగి, ముద్ర వేయించుకుని, మళ్ళీ మా ఇంటికే వచ్చేది. తలుపు తీసి అందుకునేదీ వదినే. తన ఉత్తరం తనే తీసుకుని, తీసుకెళ్ళి మా అన్న బల్ల మీద పెట్టేది.

పోస్ట్‌మన్ గిడ్డయ్య కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. ఒకరోజు గడపలోనే నిలబడిపోయాడు.

"అమ్మా, తెలీక అడుగుతాండా. ఈడ నుంచి ఈడికి ఇంత దూరం యెందుకు తిప్పుతాండారు? సారు లోపల కూచ్చోనే ఉండాడు కదా."

"నియమం గిడ్డయ్యా" అంది వదిన.

"నియమమైతే సరేలేమ్మా. మీరిద్దరూ కొట్లాడుకోని మాటల్లేకుండా ఉండారేమో అనుకుంటి."

ఇంకోసారి కవరు అందుకున్నాక వదినకు వ్యాసంలో ఒక వాక్యం మర్చిపోయిన సంగతి గుర్తొచ్చింది. మా అన్న నాలుగు అడుగుల అవతల కుర్చీలో ఉన్నాడు. "ఒక మాట రాసి ఇస్తాను" అంది. "పోస్టులో వచ్చిన కవరు కళాశాల సొత్తు" అన్నాడు, తలెత్తకుండానే. ఆ రోజు చారులో ఉప్పు లేదు. మా అన్న అడగలేదు. అడిగితే మాట వ్యాసం మీదికి పోతుందని ఆయన భయం.

పెళ్ళానికి మార్కులు దోచిపెట్టాడంటారని, వదినకు వేయాల్సినదానికంటే నాలుగు తగ్గించే వేసేవాడు. ఎర్ర సిరాతో పేజీ కనబడకుండా దిద్దేవాడు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. వదిన మాత్రం ఆ దిద్దుబాట్లన్నీ దీపం దగ్గర పెట్టుకుని చదివేది. ఎలాగో ఒక్కొక్క వ్యాసమే గట్టెక్కుతూ ఆఖరిదానికి వచ్చింది. విషయం: 'నేను రోజూ చూసే ఒక మనిషి'.

వదిన రాసి పంపిన వ్యాసాన్ని మా అన్న ముందు గదిలో చదువుతూ గట్టిగా నవ్వడం నా చెవులతో విన్నాను. రాత్రి భోజనాల దగ్గర నాతో అన్నాడు:

"రమా, పేరు చెప్పకూడదు గాని, ఒక విద్యార్థిని, మనిషి పేరు పెట్టకుండా, పుట్టింట్లో రోజూ చూసిన వాళ్ళ నాయనను గురించి రాసినట్టుంది. యేమి మొండి మనిషమ్మా. పాపం, ఆ ఇంట్లోవాళ్ళు యెట్లా వేగుతాండారో."

నేను వదిన వైపు చూశాను. వదిన పెనం మీద రొట్టె తిప్పుతోంది.

వ్యాసం ఫెయిలైంది. కింద ఎర్ర సిరాతో ఇలా ఉంది: 'పాత్ర నమ్మేట్టు లేదు. ఇంతటి మొండివాడు ఆదోని తాలూకాలో ఉండడు. సంఘటనలతో నిరూపించాలి. మళ్ళీ రాయండి.'

వదిన మళ్ళీ రాసింది, సంఘటనలతో. బస్సులో 'నిలబడి ప్రయాణించరాదు' అని రాసి ఉందని, సీటు లేని బస్సులన్నీ వదిలేసి, కౌతాళంలో పెళ్ళికి విస్తళ్ళు ఎత్తేశాక చేరిన సంగతి రాసింది. తను జ్వరంతో పడుకుని మంచినీళ్ళు అడిగితే, కాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వాలని డాక్టరు అన్నాడు కాబట్టి, కాచి, అవి చల్లారేదాకా గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడిన సంగతి రాసింది. ఉప్పు లేని చారు అడక్కుండా తిన్న సంగతి కూడా వదల్లేదు.

ఈసారి ముందు గదిలోంచి నవ్వు వినిపించలేదు. నేను వెళ్ళి చూస్తే మా అన్న మూత తీసిన పెన్ను పట్టుకుని గోడ చూస్తున్నాడు. పాస్ చేస్తే పెళ్ళాం అని చేశాడంటారు. ఫెయిల్ చేస్తే తన గురించి రాసిందని కక్ష కట్టాడంటారు. చివరికి తన నియమావళే ఆయన్ను ఆదుకుంది. దిద్దేవాడికి ఎటూ తేలనప్పుడు వ్యాసాన్ని, పేరు లేకుండా సంఖ్యతో మాత్రమే, రెండో పరీక్షకుడికి పంపాలి. ఆ రెండో ఆయన మాధవరంలో ఉండే వాదిరాజ, రిటైరైన పంతులు. మా ఇంటి సంగతులేవీ తెలియని మనిషి.

వాదిరాజ డెబ్బై రెండు మార్కులు వేసి ఇలా రాశాడు: 'ఇంత చక్కని మొండివాణ్ణి కల్పించిన చేతికి నమస్కారం. ఒకటే లోటు. ఈ మనిషితో ఆమె ఎందుకు కాపురం చేస్తోందో రాయలేదు. గడువులోగా ఆ ఒక్కటి రాసి పంపితేనే ఈ మార్కులు చెల్లుతాయి.'

డెబ్బై దాటిన వ్యాసాన్ని సైక్లోస్టైల్ తీయించి అందరికీ పంపాలని, తోటి విద్యార్థులు దాని మీద అభిప్రాయాలు రాయాలని మరో నియమం ఉంది. ఎవరు రాశారింకా, మా అన్నే. రెండు రోజులు చేతులకు సిరా పూసుకుని తన కథ తనే కాపీలు తీశాడు. అభిప్రాయాలు రావడం మొదలైంది. కౌతాళం బియ్యం ఆసామి, ఆమెను కొన్నాళ్ళు పుట్టింటికి పంపితే ఆ మనిషికి బుద్ధి వస్తుందని రాశాడు. ఎమ్మిగనూరు నుంచి ఒక మగ్గం పనాయన, ఇది అచ్చం మా మామే, రచయిత్రికి ఆయన ఎట్లా తెలుసునని అడిగాడు. ఒకమ్మాయి, అలాంటివాడికి అసలు పిల్లనెవరు ఇచ్చారని అడిగింది. మా అన్న అన్నిటికీ మార్కులు వేశాడు. ఆ అమ్మాయి కాగితం మీద 'ప్రశ్న మంచిదే గాని వ్యాసానికి సంబంధించినది కాదు' అని రాశాడు. నవ్వు ఆపుకోలేక నేను పెరట్లోకి పోయాను.

అయితే నవ్వులాట అక్కడితో సరి. వదిన ఆ జవాబు రాయడం లేదు. గడువు దగ్గరికొస్తోంది. అది దాటితే పత్రం లేదు, పత్రం లేకపోతే బడి లేదు. నేను రోజూ గోల పెట్టేదాన్ని.

"యేదో ఒకటి రాసి పంపించు వదినా. పతివ్రతాధర్మం అని రాస్తే వాదిరాజులవారు సంతోషపడతారు."

"సొంత మాటల్లో రాయాల కదా రమా. తెలిస్తే కదా రాసేది" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూసి నాకు భయమేసింది.

మా అన్నకు అన్నం సయించడం లేదు. గిడ్డయ్య సైకిలు గంట వినబడితే కుర్చీలోంచి లేచేవాడు, కవరు లేదని తెలిసి మళ్ళీ కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం వదిన వడ్డిస్తుంటే, విస్తరి వైపే చూస్తూ అడిగాడు:

"ఆ జవాబు రాసినావా?"

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. వ్యాసాల గురించి ఆయన తనంతట తాను వదినను అడగడం ఆ ఏడాదిలో అదే మొదలు.

"నోటిమాటగా అడగకూడదు కదా. కార్డు రాయండి" అంది.

మా అన్న సగంలో లేచి చేయి కడుక్కున్నాడు. ముందు గదిలో కూర్చుని కార్డు రాశాడు. చొక్కా తొడుక్కుని, ఆ ఎండలో వీధి చివరిదాకా నడిచి, డబ్బాలో వేసి వచ్చాడు.

కార్డు గడువు ఆఖరి రోజున వచ్చింది. గిడ్డయ్య సైకిలు దిగి, కార్డు రెండు చేతులతో ఇచ్చాడు.

"కార్డు కదమ్మా, చదివినాను. తప్పు పట్టుకోవద్దు" అన్నాడు.

అందులో ఇలా ఉంది: 'నలభై ఒకటో సంఖ్య విద్యార్థినికి. మీకు వేసిన ప్రశ్నకు జవాబు దిద్దేవాడికి కూడా తెలియదు. తెలుసుకోవాలని ఉంది. దయచేసి రాయగలరు. ఇట్లు, భీమసేనరావు.'

వదిన గడపలోనే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను గాని ఆ మనిషి మీద జాలి, కోపం కలిసి వచ్చాయి. కాసేపటికి వదిన కళ్ళు తుడుచుకుని, అక్కడే ఒళ్ళో కాగితం పెట్టుకుని గబగబా రాసింది. డబ్బాను నమ్ముకోకుండా ఇద్దరం పెద్ద పోస్టాఫీసుకు పరుగెత్తాం. టపా సంచీ కట్టేస్తుంటే ఆపి, మా కళ్ళ ముందే ముద్ర వేయించాం.

కవరు ఇంటికి వచ్చినప్పుడు గిడ్డయ్య ఇచ్చేసి పోలేదు. సైకిలు గోడకు ఆనించి అక్కడే నిలబడ్డాడు. మా అన్న కవరు చించాడు. జవాబు నాలుగు వాక్యాలే.

'మా పుట్టింట్లో గాని మెట్టినింట్లో గాని నా మాట చివరిదాకా విన్నవాళ్ళు లేరు. ఈయన నేను రాసిన ప్రతి మాటా చదివాడు. తప్పులు పట్టడానికే అయినా ఆఖరి అక్షరం దాకా చదివాడు. అందుకని ఉన్నాను.'

మా అన్న దాన్ని చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. పెన్ను తీసి కింద రాశాడు: 'ఉదాహరణలు అక్కరలేదు. ఉత్తీర్ణత.' గిడ్డయ్య తొంగి చూసి, "పాసేనా సార్?" అని అడిగాడు. మా అన్న తలూపాడు.

జూన్‌లో బడి తెరిచిన రోజు వదినను ఎమ్మిగనూరు బస్సు ఎక్కించడానికి ముగ్గురం బస్టాండుకు వెళ్ళాం. బస్సు కదులుతుంటే మా అన్న కిటికీ దగ్గరికి వెళ్ళి అడిగాడు:

"సాయంత్రం యే బస్సుకు వస్తావు?"

"కార్డు రాస్తాను" అంది వదిన.

నేను నవ్వాను. మా అన్న నవ్వలేదు. సాయంత్రం నాలుగింటికే పోయి బస్టాండు అరుగు మీద కూర్చున్నాడు. బస్సు చీకటి పడే వేళకు వచ్చింది. వదిన దిగగానే చేతిలో సంచీ అందుకుని, "పిల్లలకు యేం చెప్పినావు?" అన్నాడు. వదిన చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది, మా అన్న మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు.