దేవుడి గూట్లో తోపుడు కర్ర

ప్రేమ్ బజార్‌లో విద్యార్థుల గదులకి బల్లలు చేసే దుకాణం ఒకటుంది. దాని ముందు నుంచి వెళ్తుంటే టేకు పొట్టు వాసన వస్తుంది, నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. చిన్నతనం అనగానే కొందరికి పాయసం వాసన గుర్తొస్తుందట, అదృష్టవంతులు. నాకు గుర్తొచ్చేది కోసిన టేకు, వేడెక్కిన బెల్టు, వాటి వెనకాలే ఆసుపత్రి టించరు.

అరవైలలో మేం ఈ ఊళ్ళోనే ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా నాన్న వర్క్‌షాపులో రైలుపెట్టెలకి చెక్కపని చేసే వడ్రంగి. పెరటి రేకుల షెడ్డులో ఒక దిట్టమైన బల్ల చేసుకుని, మూతబడిన పిండిమర మోటారుకి బెల్టు కట్టి, బల్ల మధ్య చీలికలోంచి గుండ్రటి రంపం పైకి వచ్చేలా అమర్చుకున్నాడు. రిటైరయ్యాక అదే తనకి కూడు పెడుతుందని నమ్మకం. ఆదివారమంతా దాని దగ్గరే గడిపేవాడు కనక అమ్మ దాన్ని సవతి అనేది.

రంపం దగ్గర నాన్న మరో మనిషి. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, వాచీ తీసి మేకుకి తగిలించి, రంపం పళ్ళు చెక్క మీద కాస్తే కనబడేలా దించి, చెక్క వెనక్కి తన్నినా తగలకుండా ఒక పక్కకి జరిగి నిలబడేవాడు. కోత చివరికొచ్చేసరికి చేతులు తీసేసి, కొసన గాడి పెట్టిన మూరెడు కర్రతో చెక్కని ముందుకి తోసేవాడు. మోటారు కట్టేసినా రంపం పూర్తిగా ఆగేదాకా ముక్క ముట్టుకునేవాడు కాదు.

"రంపానికి నువ్వెవరివో తెల్దు గుంటా. కర్రా సెయ్యీ దానికొకటే. అందుకే ముందు కర్రనెట్టాల," అనేవాడు.

పనయ్యాక రెండు చేతులూ నా ముందు చాపి "లెక్కెట్టు" అనేవాడు. పొట్టు అంటిన ఒక్కో వేలూ ముట్టుకుని లెక్కపెట్టి, "పది" అనేదాన్ని. వర్క్‌షాపులో పాత వడ్రంగుల్లో పదీ ఉన్నవాళ్ళు తక్కువ. నాన్నకి అదే పెద్ద గర్వం, నాకు అంతకన్నా.

వానలు వెనకబట్టి పట్టాల పక్కన రెల్లు పూసే రోజుల్లో విశ్వకర్మ పూజ వచ్చేది. ఆ ఒక్కరోజు వర్క్‌షాపు గేట్లు ఇంటిల్లిపాదికీ తెరిచేవారు. పూలదండలు వేసుకున్న యంత్రాల మధ్య తిరిగి, ఆకుల్లో వేడి ఖిచుడీ, బూందీ తిని, ఆకాశం నిండా గాలిపటాలు చూస్తూ ఇంటికొచ్చేవాళ్ళం. మా తెలుగువాళ్ళకి అది చాలేది కాదు. దసరాకి మళ్ళీ ఆయుధ పూజ. మా ఇంటి పనిముట్లకి ఏటా రెండుసార్లు పసుపూ కుంకుమా పడేవి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, విశ్వకర్మ పూజలో తోపుడు కర్రకి నేనే బొట్లు పెట్టాను. మర్నాడు పనిముట్లన్నీ షెడ్డుకి వెళ్ళిపోయాయి. కర్రని మాత్రం దేవుడి గూట్లో పటాల వెనక దాచాను. దసరాదాకా అక్కడే ఉంటే రెండు పూజల బలమూ పడుతుందని, ఇక నాన్న వేళ్ళకి ఏ భయమూ ఉండదని నా లెక్క.

మూడో రోజు సుభాష్‌పల్లి నుంచి ఒక బెంగాలీ దాదా దుర్గాపూజ మండపానికి రెండు చెక్కలు కోయించుకోడానికి వచ్చాడు. నేను వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాను.

"కర్రెక్కడెట్టినావే?" అని నాన్న కేక.

"నాకేటి తెలుసు?" అంది వంటింట్లోంచి అమ్మ.

నేను విన్నాను. చెబితే కర్ర తీసేస్తారని నోరు మెదపలేదు. మరోటి చేసుకుంటాడులే అనుకున్నాను.

"పోనీలే, రెండు కోతలే కదా," అన్నాడు నాన్న.

రంపం మోత ఒక్క క్షణం మారి, మళ్ళీ మామూలుగా తిరిగింది.

కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ పోయాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు, గూట్లో దీపం పెట్టబోయిన అమ్మకి పటాల వెనక కర్ర దొరికింది. తెచ్చి నాన్నకి చూపించింది. దాని మీది చిన్న చిన్న బొట్లు చూశాడు, నన్ను చూశాడు.

"ఇంక దాంతో పనేటుంది? అక్కడే ఉండనీ," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నాన్నని స్టోరులో సరుకు అందించే పనికి మార్చారు, రంపం పాత ఇనుములోకి పోయింది. అంతకన్నా ఘోరం, ఆయన మళ్ళీ ఎప్పుడూ నా ముందు చేతులు చాపలేదు. పోయేదాకా నేనూ నిజం చెప్పలేదు. ఆయనకి తెలుసు కనక చెప్పనక్కర్లేదని సర్దిచెప్పుకున్నాను. అది పిరికితనమే.

ఇప్పుడు ఆ క్వార్టరు లేదు, షెడ్డు లేదు. కర్ర చెదలు తినేశాయి. నిన్న ప్రేమ్ బజార్ దుకాణంలో వడ్రంగి రంపం అంచుదాకా వేళ్ళతోనే చెక్క తోస్తుంటే ఉండబట్టలేక, కర్రతో తొయ్యి దాదా అన్నాను.

"కుచ్ నహీ హోగా మాసీమా, దో హీ కట్ హై," అని నవ్వాడు.

ఏమీ కాదట, రెండే కోతలట. రంపం ఆగేదాకా అక్కడే నిలబడి, అతని వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. ఆ రోజుకి పదీ ఉన్నాయి.