మా తోడల్లుడి పడవలో ఏసీ

మా తోడల్లుడు పడవకి ఏసీ బిగిస్తున్నాడన్న కబురు మా ఆవిడ చెప్పింది. చెప్పడం కాదు, వంటింట్లోంచి ప్రకటించింది.

"ఇన్నారా, మా చెల్లి మొగుడు ఓడకి ఏసీ పెడతన్నాడట!"

ఓడ కాదు, పాతికమంది పట్టే పడవ అని సరిదిద్దాను.

"ఏదైతేనేటండి, నీళ్ళమీదేగా తిరుగుతాది" అంది.

భిలాయి స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్ళు ఏసీ సెక్షన్లో పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. కంట్రోల్ రూములు చల్లగా ఉన్నన్నాళ్ళూ నేనెవరికీ గుర్తుండను, వేడెక్కితే మాత్రం అందరికీ గుర్తొస్తాను. నా పనిని ఎవరూ ఫోటో తియ్యలేదు. వాడి పడవ ఫోటోకి మా కుటుంబం గ్రూపులో చప్పట్లు, దండాలు, పూలు. విజయనగరం నుంచి మా అత్తగారైతే నాకు ఫోన్ చేసి మరీ వాడి ఆరోగ్యం అడిగింది.

వాడికి పెళ్ళైన కొత్తలో వాణ్ణి మా సెక్షన్లో కాంట్రాక్టు పనిలో పెట్టించింది నేనే. స్పానర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పాను. నాలుగేళ్ళు తిరక్కుండా బయటికెళ్ళి హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో షెడ్డు వేసుకున్నాడు. ఇప్పుడు షెడ్డు ముందు వాడి పేరుతో బోర్డు, బోర్డు కింద వాడి కారు. కుళ్ళా అంటే కుళ్ళే. దానికి ఇంకో పేరు పెట్టి దాచుకోను.

ఆ పడవ రాయ్‌పూర్ సేఠ్ ఒకాయనది. ఏసీ బాగా నడిస్తే ఇంకో రెండు పడవల పనీ వాడికే ఇస్తానన్నాడట. అందుకని వాడు ఫోన్ చేశాడు. "ఓసారొచ్చి సూడండన్నయ్యా. మీరు సూస్తే నాకు ధైర్యం."

వెళ్ళాను. షెడ్డులో స్టాండు మీద పడవ. పడవలోని గదిలోకి అడుగుపెడితే చలి. పడవ ఏసీకి వేడి వదిలించుకోవడానికి నీళ్ళు కావాలి. పడవ అడుగు నుంచి వచ్చే నీళ్ళని పంపు ఏసీలోకి తోస్తే, అవి వేడిని మోసుకుని పక్కనున్న గొట్టంలోంచి బయటికి పోతాయి. షెడ్డులో చెరువు లేదు కాబట్టి వాడు మిద్దెమీది ట్యాంకు నుంచి పైపు లాగి పంపుకి తగిలించాడు. నీళ్ళు తోసుకుని వస్తున్నాయి, ఏసీ మహారాజులా నడుస్తోంది.

వంగి చూశాను. పంపు చక్కగా, చెయ్యి అందే ఎత్తులో బిగించి ఉంది. పడవ నీళ్ళలో మునిగే గీత దానికి జానెడు కింద ఉంది. ఆ రకం పంపు ఖాళీగా ఉంటే కిందనున్న నీళ్ళని లాక్కోలేదు, తన నోట్లోకి వచ్చిన నీళ్ళనే తొయ్యగలదు. ప్లాంటులో పని నేర్చినవాళ్ళే చేసే తప్పు ఇది. అక్కడ ఏ పైపు విప్పినా నీళ్ళు ఒత్తిడితో మొహాన కొడతాయి. నీళ్ళని కింద నుంచి పైకి రప్పించుకోవాలన్న ఆలోచనే మాకు రాదు.

ఆ రోజు నాకు వచ్చింది. మాట నోటిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే మా మరదలు టీ పట్టుకొచ్చింది.

"ఏటి బావా, మీ తమ్ముడి పని ఎలాగుంది? మా అక్కకి ఆ ఏసీలో కూకోవాలనుందట" అని నవ్వింది.

"బాగుంది" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. ఇంటికొచ్చి సుష్టుగా భోంచేశాను.

ఆ ఆదివారం మరోదా దగ్గర చెరువులో పడవని దింపారు. కొబ్బరికాయ కొట్టారు. సేఠ్ గదిలో కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు చల్లగాలి వచ్చింది, తర్వాత కంప్రెసర్ ఠక్కున ఆగింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఆగింది. వాడు గ్యాసు చూశాడు, ఓల్టేజీ చూశాడు, ఫిల్టరు విప్పి దులిపాడు. ఒడ్డున నిలబడ్డ నాకు మాత్రం కడుపు చల్లబడింది.

"అరే భయ్యా, యే తో భట్టీ హై" అంటూ సేఠ్ కొలిమి ముందు కూర్చున్నవాడిలా చొక్కా గుండీలు విప్పుకున్నాడు. మిగతా పడవలు ఇంకెవరికైనా ఇచ్చుకుంటానని అందరికీ వినబడేలా అన్నాడు. వాడు తుడిచిన వైరునే మళ్ళీ తుడుస్తున్నాడు. మా మరదలు మిఠాయి డబ్బా కొంగు చాటుకి లాక్కుంది.

"ఎల్లండి, మీకు తెలీనిదేటుంది" అని మా ఆవిడ నన్ను ముందుకి తోసింది.

వెళ్ళాను. జాలితో కాదు. నలుగురూ చూస్తుండగా నా విద్య చూపించే సమయం వచ్చిందని వెళ్ళాను.

"పక్క గొట్టంలోంచి నీళ్ళు పడతన్నాయేటి, సూసేవా?" అన్నాను.

వాడు బయటికి వంగి చూశాడు. గొట్టం పొడిగా ఉంది. నుదురు కొట్టుకున్నాడు. ఇద్దరం కలిసి అడుగు వాల్వు మూసి, పైపు నిండా, పంపు నిండా నీళ్ళు పోశాం. పంపు నడుస్తుండగా వాల్వు తీశాం. పోసిన నీళ్ళు కింది నీళ్ళని వెంట లాక్కొచ్చాయి, గొట్టంలోంచి బొటనవేలంత ధార చెరువులో పడింది. కాసేపట్లో గది చల్లబడింది. ఇవాళ్టికి ఇది చాలు, రేపు పంపుని కిందికి దింపి బిగించమన్నాను.

సేఠ్ నన్ను ఉస్తాద్ అన్నాడు. మా ఆవిడ మెడ నిక్కించి చెల్లెలి వైపు చూసింది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది ఆ క్షణం.

ఒడ్డుకి వచ్చాక వాడు నా పక్కన కూర్చున్నాడు. "షెడ్డులోనే తొట్టి కట్టి నీళ్ళలో దింపి సూద్దావనుకున్నానన్నయ్యా. మీరు సూసి బాగుందన్నారని మానీసాను."

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. ఉంటే తట్టుకునేవాణ్ణి.

"ఆ రోజే సూసాన్రా" అన్నాను. "సూసీ సెప్పనేదు."

ఎందుకని అడుగుతాడనుకున్నాను. అడిగితే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. వాడు స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు.

ఆ రెండు పడవల పనీ వాడికే వచ్చింది. నన్ను ఇప్పటికీ పిలుస్తాడు. కుర్చీ వేస్తాడు, టీ తెప్పిస్తాడు, అంతా తిప్పి చూపిస్తాడు. నేను బాగుందంటాను. "సరే అన్నయ్యా" అంటాడు. అని, షెడ్డులో కొత్తగా చేరిన ఛత్తీస్‌గఢీ మేస్త్రీని కేకేస్తాడు, ఓసారి నువ్వూ చూడమని. అతను పంపు దగ్గర వంగి, నెమ్మదిగా చూసి తలూపాకే వాడు స్విచ్ వేస్తాడు. ఆ మేస్త్రీని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.