నోర్మింగ్ కొన్న సొట్ట కెమెరా

నోర్మింగ్ ఇరవై రెండేళ్లు మలబోన్ బజారులో చేపలమ్మింది. అన్నేళ్లలో చేపను నమ్మలేదు, చేపను తెచ్చినవాణ్ణి నమ్మలేదు, నవ్వుతూ బేరానికొచ్చినవాణ్ణి అసలే నమ్మలేదు. పాత చేప మొప్పలకు నెత్తురు పూసి తాజాదని అంటగట్టేవాళ్ల మధ్య బతికిన మనిషి.

1993 వానలకు ముందు ఐసుగడ్డలూ ఉప్పునీళ్లూ కలిసి ఆమె వేళ్లను తినేశాయి. చేపల పని మానకపోతే వేళ్లు దక్కవని డాక్టరు చెప్పాడు. ఆ మాటనూ మరో ఇద్దరు డాక్టర్లను అడిగాకే నమ్మింది.

మా పేట చర్చి గేటు దగ్గర ఆదివారాలు పసిపిల్లల జ్ఞానస్నానాలకు ఫొటోలు తీసేవాళ్లు ముగ్గురే ఉండాలని నియమం. ఆ ముగ్గురిలో ఒకడు నోర్మింగ్ పినతల్లి కొడుకు. అతని కెమెరాతోనే ఆమె ఆరు నెలలు పని నేర్చుకుంది. అతను ఉద్యోగానికి సౌదీ వెళ్తూ కెమెరా కూడా పట్టుకుపోయాడు. ఖాళీ అయిన చోటు తనకిమ్మని నోర్మింగ్ చర్చి ఆఫీసుకు వెళ్లింది. అక్కడ జాబితా రాసేది ఆలింగ్ ఎపాంగ్ అనే పెద్దావిడ.

"సొంత కెమెరా ఉండాలి. లెన్సు విప్పి మార్చుకునే రకం. బొమ్మ కెమెరాతో వస్తే గేటు దాటనివ్వను" అంది ఎపాంగ్. "ఈ ఆదివారం తీసి చూపించు. ఒక్కరు ఫిర్యాదు తెచ్చినా నీ పేరు రాయను. చేతులు బాగా కడుక్కుని రా."

నేను ఆమె పక్కింట్లోనే ఉంటూ పత్రికలో ఫొటోల విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి శుక్రవారం నన్ను తోడు తీసుకుని కియాపోలో కెమెరా కొట్లున్న వీధికి బయల్దేరింది. జీపును పొడిగించి కట్టిన చిన్న బస్సు, జీప్నీ, ఎక్కాం. సగం దారిలో అడిగింది.

"ఆ కొట్టువాడు నీకెంత ఇస్తాడు?"

"నాకెందుకిస్తాడు?"

"ఊరికే వస్తున్నావా మరి?"

కొట్టు యజమాని మాంగ్ పొన్సోకు అరవై ఉంటాయి, చొక్కా జేబు నిండా చిన్న స్క్రూడ్రైవర్లు. ఆమె దగ్గరున్న డబ్బుకు అతను రెండు కెమెరాలు చూపించాడు. రెండూ జపానువే. ఒకటి తోలు సంచీతో సహా మెరిసిపోతోంది. రెండోదానికి పైన బొటనవేలంత సొట్ట. మెరిసేదాన్ని చేతిలో పట్టుకుని, మాట్లాడుతున్నంతసేపూ టక్ టక్ మని నొక్కుతూనే ఉన్నాడు.

"పువ్వులా ఉంది చూడు, ఆతె. ఒక డాక్టరమ్మది. ఏడాదికి రెండు రీళ్లు కూడా తీసుండదు" అన్నాడు. కొనడానికొచ్చిన ఆడవాళ్లందరూ అతనికి ఆతెలే, అంటే అక్కలే.

చేపల బజారులో ఏ చేప అడిగినా, ఆ పొద్దున్నే గాలానికి పడిందనే చెప్తారు. నోర్మింగ్ కెమెరా అందుకుని లెన్సును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"లైటరు నూనె వాసనొస్తోంది."

"సిగరెట్లు తాగుతాను కదా."

"నీ దగ్గర రావట్లేదే, దీని దగ్గరే వస్తోంది."

కొనకుండానే వచ్చేశాం. ఆ వాసన సంగతి తిరుగుదారిలో నేను చెప్పాను. లెన్సు లోపల వెలుతురును కొలిచి వదిలే సన్నటి రెక్కలుంటాయి. వాటికి జిడ్డు పడితే లైటరు నూనెతో కడుగుతారు. కొన్నాళ్లకు జిడ్డు మళ్లీ దిగుతుంది. అప్పుడు మొదటి రెండు మూడు ఫొటోలకు రెక్కలు బద్ధకంగా కదిలి సమయానికి మూసుకోవు, వెలుతురు ఎక్కువై బొమ్మ తెల్లగా పాలిపోతుంది. కాసేపు నొక్కితే సర్దుకుంటాయి.

"అందుకే వాడు ఆపకుండా నొక్కుతున్నాడు" అంది నోర్మింగ్. నేనది గమనించనే లేదు. "చచ్చిన పీతను బేసిన్లో వేసి నీళ్లు కెలుకుతుంటే కాళ్లాడిస్తుంది. చూసేవాడికి బతికున్నట్టే ఉంటుంది."

శనివారం పొన్సో వచ్చేసరికి మేం అతని కొట్టు ముందు నిలబడి ఉన్నాం.

"బోణీ నాదే" అంది నోర్మింగ్.

పొన్సో మొహంలో సంతోషం లేదు. బోణీకి వచ్చినవాళ్లు కొనకుండా వెళ్లిపోతే ఆ రోజంతా ఈగలు తోలుకోవలసిందేనని ఆ వీధిలో అందరి నమ్మకం. ఆమె అది తెలిసే వచ్చిందని అతనికి అర్థమైంది. తలుపు తీసి, మెరిసే కెమెరా మీదికి చెయ్యి చాచాడు.

"నువ్వు ముట్టుకోకు. రాత్రంతా పడుకుంది కదా, నేను లేపుతాను."

లెన్సును తన వైపు తిప్పుకుని నొక్కింది. లోపలి రెక్కలు నిద్రమత్తులో ఉన్నట్టు సగం దాకా వచ్చి ఆగాయి. అయిదోసారికి గానీ సరిగా మూసుకోలేదు.

"పిల్ల నెత్తి మీద నీళ్లు పడేది ఒక్క క్షణమే. అయిదోసారి దాకా ఫాదర్ ఆగడు."

పొన్సో సొట్టదాన్ని ముందుకు జరిపాడు. మొదటి నొక్కుకే రెక్కలు ఠక్కున మూసుకున్నాయి. నోర్మింగ్ ఇంకాస్త అనుమానంగా చూసింది.

"ఇంత బాగుంటే మూలనెందుకు పెట్టావు?"

"సొట్ట ఉన్నది ఎవరడుగుతారు, ఆతె?"

"ఎలా పడింది సొట్ట?"

"మెట్ల మీంచి జారింది."

"ఎవరి మెట్లు?"

పొన్సో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. దానితో ఒక రీలు తీసి, ఎదురుగా ఉన్న ల్యాబులో కడిగించి, ఫొటోలు చూశాకే డబ్బిస్తానంది నోర్మింగ్. అంతసేపు ఎవరాగుతారన్నాడు. అయితే వస్తానని ఆమె ఒక మెట్టు దిగింది.

"ఆగు, తల్లీ. తియ్యి."

ఫొటోలు వచ్చేలోపు ఇద్దరు కొనేవాళ్లొస్తే, బోణీ కాలేదని, మధ్యాహ్నం రమ్మని పంపేశాడు. ఇరవై నాలుగు ఫొటోల్లో ఒక్కటీ పాలిపోలేదు.

"ల్యాబువాడు నీకేమవుతాడు?" అడిగింది నోర్మింగ్.

"వాడితో నాకు మూడేళ్లుగా మాటల్లేవు."

అది నిజమేనని ల్యాబువాడి నోట కూడా విన్నాక డబ్బు తీసింది.

ఆదివారం గేటు దగ్గర మొదటి రెండు కుటుంబాలకు ఇబ్బంది లేకుండా తీసింది. మూడో బిడ్డ తండ్రి జీప్నీ డ్రైవరు. కెమెరా సొట్ట వైపు చూసి ఆగిపోయాడు.

"ఇందులో ఫిల్మ్ ఉందా? మా వదిన కూతురికి ఎవడో ఖాళీ కెమెరాతో తీసి అడ్వాన్సు పట్టుకుపోయాడు."

"ఉంది, కుయా" అంది నోర్మింగ్, అన్నా అని పిలిచినట్టు.

"తెరిచి చూపించు. లేకపోతే లోపలికెళ్లి ఆఫీసులో చెప్తాను."

ఆలింగ్ ఎపాంగ్ గుమ్మంలోనే నిలబడి వింటోంది. నోర్మింగ్ చెయ్యి అలవాటుగా కెమెరా వెనక మూత మీదికి వెళ్లింది. చేపైతే పొట్ట కోసి చూపించేది. మూత తీస్తే వెలుతురు పడి, ముందు తీసిన ఇద్దరు పిల్లల ఫొటోలు పోతాయి. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమెలాగే ఎవరి మాటా నమ్మని మనిషి ఎదురుగా ఉన్నాడు. చూపించడానికి ఆమె దగ్గర సరుకు లేదు.

కెమెరాను అతని కళ్ల ముందుకు ఎత్తింది.

"ఎడమ పక్కనున్న ఈ గుండీ చూడు. ఇది ఫిల్మ్ చుట్ట తలకాయ. నేను మీట లాగినప్పుడు ఫిల్మ్ ఉంటేనే ఇది తిరుగుతుంది."

నేల వైపు ఒక ఫొటో నొక్కి, మీట లాగింది. గుండీ తిరిగింది.

"ఇంకోసారి" అన్నాడు.

ఇంకో ఫొటో నేల పాలు చేసింది. గుండీ మళ్లీ తిరిగింది.

"ఇంకోసారి."

"ఇక చాలు. తర్వాతది నీ బిడ్డది."

అతను ఎపాంగ్ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. "అడ్వాన్సు మాత్రం ఇవ్వను" అని బిడ్డనెత్తుకుని లోపలికి నడిచాడు. నీళ్లు పడింది ఒక్క క్షణమే. నోర్మింగ్ ఒక్కసారే నొక్కింది.

బుధవారం ఫొటోలు తీసుకోవడానికి భార్యతో సహా వచ్చాడు. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. తెల్ల గౌనులో పిల్లలందరూ ఒకేలా ఉంటారు, ఇది మన పిల్లేనా అని భార్యను అడిగాడు. ఆమె ఫొటోలు లాక్కుని, డబ్బివ్వమని మోచేత్తో పొడిచింది. ఇచ్చాడు. ఫిర్యాదు చెయ్యలేదు.

ఎపాంగ్ జాబితా తీసి మూడో పేరు రాసింది. నోర్మింగ్ వంగి చూసింది.

"పెన్సిల్‌తో రాశారేంటి?"

"ఒక్క ఆదివారానికే పెన్ను వాడతారా ఎవరైనా?"

నోర్మింగ్ తలూపింది. తానైనా పెన్సిల్‌తోనే రాసేది.