కరపత్రాలు ఎక్కినయా?

మొన్న సూర్యాపేటలో మా వీధి చివర ఎన్నికల సభ పెట్టారు. మోకాళ్ల నొప్పులతో నేను గడప దాటడమే మానేశాను గానీ, ఎమ్మెల్యేగా నిలబడింది సాక్షాత్తూ మా అన్న కూతురు, ఇంటి ముందుకు వచ్చిన సభకు కూడా పోకపోతే ఇక మేనత్తనని చెప్పుకోవడం దేనికని, కర్ర ఊతంగా మెల్లగా నడిచి వెళ్లి ముందు వరుసలోనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అమ్మాయి మాట్లాడవలసిన వేళ దాటిపోతున్నది, వేదిక మీద మనిషి జాడ లేదు. జనం అటూ ఇటూ చూస్తుంటే మైకు దగ్గరున్నతను, కరెంటు పోయింది ఇప్పుడొస్తుంది అన్నంత మామూలుగా, "మేడమ్ బాబుకు పాలిచ్చి వస్తున్నరు, జర అందరు కూసోండ్రి" అన్నాడు.

ఎవరు నవ్వుతారో, ఎవరు మూతి తిప్పుతారో అని వెనక్కి తిరిగి వరుస వరుసా చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. నా పక్కనున్నావిడ తన కోడలి పురుడు సంగతి మరో ఆవిడకు చెప్పుకుంటూనే ఉంది, వెనకెవరో జనం వైపున్న పెద్ద ఫ్యాన్ ఎత్తుకుపోయి తెర వెనక పెట్టి వచ్చారు, అంతే. అమ్మయ్య అనుకున్నాను. ఆ అమ్మయ్య మొన్నటిది కాదు, చాలా ఏళ్ల నాటి బాకీ. నా ఈడు వాళ్లు మీలో కొందరైనా ఉంటారు, మీకు చెబితేనే అది అర్థమవుతుంది.

ఈ పిల్ల ఇంకా పాలు తాగుతున్న రోజుల్లో దీని తల్లి, అంటే మా వదిన, ఏకంగా పార్లమెంటుకే నిలబడింది. అప్పట్లో మిర్యాలగూడ పేరుతో ఒక పార్లమెంటు స్థానం ఉండేదని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఇటు సూర్యాపేట, అటు కోదాడ, ఆ కొసన పెద్దవూర, అంత పెద్ద నేల, జీపులో తిరిగితే ఒళ్లు హూనమయ్యేది. వదిన మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. కాలువ చివరి పొలాలకు నీళ్లు రావడం లేదని ఆడవాళ్లంతా ఆఫీసు ముందు కూర్చున్నప్పుడు, నిండు నెలల కడుపుతో నిలబడి ఇంజనీరును ఆమె అడిగిన తీరు చూసి ఒక చిన్న పార్టీ వాళ్లు మా ఇంటికి వచ్చారు. ఆ పార్టీ ఇప్పుడు లేదు, పేరు చెప్పినా మీకు గుర్తుండదు. టికెట్టు ఇస్తామన్నారు, మా అన్న సరేనన్నాడు, వదిన కూడా సరేనన్నది, తీరా నామినేషన్ నాటికి చంకలో ఎనిమిది నెలల పిల్ల.

ఆ పార్టీకి సూర్యాపేటలో ఒక పెద్దాయన ఉండేవాడు. చెడ్డవాడని అనను, తెల్ల పంచె నలగకుండా రాజకీయం చేసిన మనిషి. ఆయన పిల్లను చూడగానే నెత్తి పట్టుకున్నాడు. "పాలు తాగే పిల్లనిడిసిపెట్టి తిరుగుతున్నదంటరు. ఎత్తుకొని తిరిగితెనేమో, పిల్లనే సూసుకోలేనిది మనల్నేం సూస్తదంటరు. ఎట్లజేసినా మనకే దెబ్బ. అందుకే పిల్ల ఉన్నట్టే ఎవ్వరికి తెల్వద్దు" అని తేల్చేశాడు. ఆయన చెప్పిన రెండు మాటలూ నిజమే, అదే మంట. అదే పార్టీలో నలుగురు పిల్లలున్న మగవాళ్లు నిలబడితే, వాళ్ల పిల్లలు ఎవరి దగ్గరున్నారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. వదిన ఒక్క క్షణం ఆయన్ని చూసి తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది కానీ, డిగ్రీ చదివి ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడబిడ్డ మాట ఆ గదిలో ఎవరు వింటారు? నాకు అప్పగించిన పని పిల్లను పట్టుకోవడం, అంతే.

అలా మా దొంగాట మొదలైంది. ముందు జీపులో వదిన, పెద్దాయన. వెనక జీపులో నేనూ, పిల్లా, పిల్ల కింద కరపత్రాల కట్టలు. ఆ కట్టలు సీటు మీద సమంగా పరిచి, పైన మా అమ్మ పాత చీర రెండు మడతలు వేస్తే పట్టు పరుపు కూడా దిగదుడుపే, పిల్ల మైకు మోతలోనూ హాయిగా పడుకునేది. అది చూసి మా అన్న పిల్లకు కరపత్రాలని మారు పేరు పెట్టాడు. ఇక అందరి ముందూ అదే భాష. కరపత్రాలు లేచాయా, కరపత్రాలు తడిశాయి మార్చాలి, కరపత్రాలకు ఆకలైంది వదినను పంపండి. వదిన సభ మధ్యలో, ఒక్క నిమిషం కరపత్రాలు చూసొస్తానని దిగి వచ్చేది. ఈమెకు ప్రచారం మీద ఎంత శ్రద్ధో అని కార్యకర్తలు మెచ్చుకునేవారు. మేం ఇద్దరం వెనక జీపులో గోనెపట్టా దించుకుని, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేవాళ్లం. ఆ నవ్వుల్లోనే ఒక్కోసారి వదిన కళ్లు తుడుచుకునేది, నేను చూడనట్టు బయటికి చూసేదాన్ని.

ఆ రోజు నేరేడుచర్లలో మధ్యాహ్నం ఒక రైసు మిల్లులో ఆగాం. వదిన పిల్లకు పాలిచ్చి, లోపలి గదిలో ఖాళీ సంచుల మీద పడుకోబెట్టింది. వడ్లు ఆరబోసే ఆడవాళ్లు పక్కనే అన్నాలు తింటున్నారు, మేం చూస్తాం పోండని వాళ్లే అన్నారు. ఇంటింటికీ తిరిగేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉండాలని వదిన నన్ను వెంట తీసుకుపోయింది. పనైపోయాక బజారులోనే ముందు జీపు ఎక్కించి నన్నూ తనతోనే కూర్చోబెట్టుకుంది, వెనక జీపు మిల్లుకు వెళ్లి పిల్లను ఎక్కించుకొచ్చి మమ్మల్ని కలవాలి. మా అన్న అప్పటికే కోదాడలో వేదిక పనికి పోయాడు. ఇక్కడే ఉంది తిరకాసు. వెనక జీపు నడిపే మనిషికి జ్వరమొచ్చి, అతని బదులు ఆ పొద్దునే కోదాడ నుంచి కొత్త డ్రైవరు వచ్చాడు, మా మారు పేరు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మిల్లులో ఉన్న కరపత్రాలు జాగ్రత్తగా తెమ్మని పెద్దాయన అతనికి చెప్పాడు. నిజం కట్టలు కూడా ఆ మిల్లు వరండాలోనే దించి ఉన్నాయి. వెనక జీపు వచ్చి కలవగానే నేను తల బయటపెట్టి, కరపత్రాలు ఎక్కినయా అని గట్టిగా అడిగాను.

"ఎక్కాయండి అమ్మగారూ, ఒక్క కట్ట కూడా మిగల్లేదు" అన్నాడు మహానుభావుడు. నిద్ర పోతున్నాయా అని కూడా అడిగి ఉంటే అక్కడే పొరపాటు బయటపడేది, కోదాడ సభకు వేళ మించిపోతున్నదన్న హడావుడిలో దిగి చూడనైనా లేదు. తప్పు ఎవరిదంటే మాటదే.

కోదాడ చేరేసరికి మైదానం నిండిపోయి ఉంది. మేం అంతదాకా చూసిన సభల్లో అదే పెద్దది. వదిన వేదిక ఎక్కుతుండగా నేను వెనక జీపు దగ్గరికి పోయి చూస్తే, సీటు నిండా కట్టలు, వాటి మీద చక్కగా మడతపెట్టిన మా అమ్మ చీర, పిల్ల లేదు. ఎట్లా వేదిక ఎక్కానో తెలియదు, వదిన చెవిలో ఒక్క ముక్క చెప్పాను. పెద్దాయన విషయం విని, "సప్పుడు జేయకు, నేను మనిషిని పంపిస్త. నువ్వు మాట్లాడు. ఈ సభ ఖరాబైతె ఎలక్షన్ ఖతం" అని పళ్లు బిగించి అన్నాడు.

వదిన మైకు అందుకుంది. మాట్లాడుతుందేమో అనుకున్నాను. "అమ్మలార, నాకు ఎనిమిది నెలల పిల్ల ఉన్నది. మీరేమంటరో అని ఇన్ని దినాలు దాసిపెట్టిన. అది ఇప్పుడు నేరేడుచర్ల రైసు మిల్లుల ఉండిపోయింది. నేను పోతున్న. మీరు ఓటెయ్యకున్న సరే" అని, మైకు అక్కడే పెట్టి మెట్లు దిగింది.

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. ముందు వరుసలో తల నెరిసిన ఒకావిడ లేచి, "పిల్లనొదిలేసి ఇక్కడ ఉపన్యాసం చెప్పుంటే వేసేదాన్ని కాదమ్మా! పో, పోయి తెచ్చుకో, మేమెక్కడికి పోతాం" అని కేకేసింది. ఆ వెంటనే ఎవరో ధాన్యం వ్యాపారి, ఆ మిల్లులో ఫోను ఉందని, నంబరు తనకు నోటికి వచ్చని ముందుకొచ్చాడు. అతని వెంట నేనూ వదినా ఎదురుగా ఉన్న టెలిఫోను బూత్‌కు పరుగెత్తాం. మాతోపాటు సభలో సగం మంది. లోపల వదిన రిసీవరు చెవికి ఆనించుకుంది. అవతల ఎవరో ఏదో చెప్పారు. వదిన అలాగే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయి, "నవ్వుతున్నదట" అన్నది. బూత్ బయట నిలబడ్డ జనం ఆ మాటను ఒకరికొకరు అందించుకుంటూ మైదానం దాకా మోసుకుపోయారు. పిల్ల నవ్వుతోందట, నవ్వుతోందట!

మిల్లు వాళ్లు మమ్మల్ని వెనక్కి రావొద్దన్నారు, పిల్లను తామే తెస్తామన్నారు. పొద్దు వాలే వేళకు రైసు మిల్లు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ సభలోకే వచ్చింది. డ్రైవరు పక్కన, తలకు కట్టిన గుడ్డైనా విప్పని ఒక ఆడమనిషి, ఆమె ఒళ్లో ఒంటినిండా ఊక అంటుకుని మా కరపత్రాలు. ఆమె దిగీ దిగగానే మమ్మల్ని దులిపేసింది. "జీపెనుక ఎంత దూరం ఉరికినమో! మీ మైకు మోతల మా కేకలినపడితెనా? పిల్లనిడిసి కాయితాలేసుకపోయిన్రు, ఏం మనుషులమ్మా మీరు! ఆకలికేడిస్తె నా పిల్లతోటి పాటు దీనికి కూడ ఇచ్చిన" అన్నది. వదిన ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు, పెద్దాయన కూడా కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తర్వాత వదిన పిల్లను భుజాన వేసుకునే మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు గుర్తు లేదు, పిల్ల మధ్యమధ్య మైకును లాక్కున్నది మాత్రం గుర్తుంది.

ఇక దాపరికం లేదు. మర్నాటి నుంచి పిల్ల ముందు జీపులోనే. ఆ మారు పేరు ఎట్లా పాకిందో గానీ, ఆత్మకూరు వైపు ఊళ్లలో ఆడవాళ్లు అభ్యర్థిని పలకరించక ముందే కరపత్రం ఏదమ్మా అని అడిగి, అరికాలికి కాటుక చుక్క పెట్టి పంపేవారు. ఇంత చేసీ వదిన గెలిచిందా అంటే, లేదు. ఊళ్లో కొందరు పెద్దాయన భయపడినట్టే అన్నారు కూడా. ఫలితాల రోజు వదిన పిల్లకు అన్నం కలుపుతూ, పోనీలే, ఇక దాచే పని లేదు కదా అన్నది. ఆ మాట ఓడిపోయిన మనిషి అన్నట్టు లేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఏ బండి కదిలినా, పెళ్లికైనా దవాఖానకైనా, ఎవరో ఒకరు కరపత్రాలు ఎక్కినయా అని అడగాల్సిందే. మొన్న సభ అయిపోయాక మా మేనకోడలు నా కాళ్లకు దండం పెట్టి, పిల్లవాణ్ణి ఎత్తుకుని కారెక్కింది. ఫోనులో మిర్యాలగూడ నుంచి వదిన, పక్కన ఎవరున్నారో చూసుకోకుండా పెద్ద గొంతుతో మనవడి సంగతులు అడుగుతున్నది. కారు కదలబోతుంటే నా నోరు ఊరుకోదుగా, కరపత్రాలు ఎక్కినయా అన్నాను. డ్రైవరు నవ్వాడు. "ఇంకెక్కడి కరపత్రాలు అమ్మమ్మా, అంత ఫోన్లనే గద" అన్నాడు.

నిజమే. ఆ కట్టలు పోయాయి, వాటి ఇంకు వాసన పోయింది, గోనెపట్టా దించుకుని మేమిద్దరం నవ్విన నవ్వులూ పోయాయి. తలచుకుంటే కొంచెం దిగులే. కానీ దాంతోపాటే ఆ దాపరికం కూడా పోయింది, పోనీ, పీడా విరగడైంది. అంతా తెలుసు నాకు. అయినా కారు ఆపించి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, తల్లి ఒళ్లో ఉన్న వాడి బుజ్జి పాదం నా చేత్తో పట్టుకుని చూసుకున్నాకే, ఇక పోనియ్యి నాయనా అన్నాను.